పది రూపాయల నోటు దూరింది, గురి మాత్రం కుదరలేదు

నమస్కారమండి. పర్లాకిమిడిలో మా ఇంటి వరండా ఇది. చాప మీద ఉన్నది నా పాయింట్ టూ టూ రైఫిల్. బోల్టు తీసి ఇంట్లో పెట్టేశాను, ఛాంబర్ ఖాళీ, ఇదిగో మీరూ చూడండి. మొన్న రేంజిలో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నయ్యా, కంపెనీ ప్లాస్టిక్ స్టాకులో బారెల్‌ని ఫ్రీ ఫ్లోట్ చేయిస్తే గురి బాగుపడుతుందా?" అని. నా రైఫిల్‌కి జరిగింది చెప్తాను, అందులోనే జవాబుంది.

బారెల్‌ని, అంటే గొట్టాన్ని, వెనక బోల్టు కూర్చునే రిసీవర్ గట్టిగా పట్టుకుంటుంది. అక్కడి నుంచి కొస దాకా స్టాకు, అంటే మనం భుజానికి ఆనించి పట్టుకునే భాగం, దానికి తగలకపోతే, అదే ఫ్రీ ఫ్లోట్. తూటా పేలగానే బారెల్ గుడిగంటలాగే వణుకుతుంది. మోగే గంటకి చెయ్యి ఆనిస్తే మోత మారిపోదూ? ప్రతిసారీ ఒకేలా ఆనితే బాధ లేదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఆనితేనే గుండు దారి తప్పుతుంది.

అందరూ చేసే పరీక్ష నోటు పరీక్ష. పది రూపాయల నోటుని బారెల్ కింద దూర్చి రిసీవర్ వైపు లాగాలి. బల్ల మీద పెట్టి చూస్తే నాదీ హాయిగా దూరింది. అయినా 50 మీటర్లలో పడుకుని కొడితే గుండ్లు ఎడమకి జారిపోయేవి. ఆ టార్గెట్ కార్డులో పది పాయింట్ల వృత్తం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే, ఆ జారుడు చాలు స్కోరు పోవడానికి. నా ఊపిరి తప్పా, ట్రిగ్గర్ మీద వేలు తప్పా అని వారాల తరబడి మథనపడ్డాను.

అసలు సంగతి స్లింగ్, అంటే రైఫిల్‌ని చేతికి కట్టే పట్టీ, బిగించి పడుకున్నప్పుడు తెలిసింది. మా తమ్ముడు నోటు దూర్చబోతే సగంలో ఇరుక్కుంది! స్టాకు విప్పి లోపల చూశాం. ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. బారెల్ కూర్చునే గాడి కుడి గోడ మీద చిటికెన గోరంత మెరుపు, కనబడుతోందా? బారెల్ రాసుకున్న చోటు అదే. స్టాకు ముందు భాగం లోపలంతా బోలు, సన్నటి పక్కటెముకల్లాంటి రిబ్బులు. బొటనవేలితో నొక్కితే వంగుతోంది. స్లింగ్ ఎడమకి లాగితే కుడి గోడ వచ్చి బారెల్‌ని నెట్టేస్తోంది. బైపాడ్, అంటే ముందుండే రెండు కాళ్ల స్టాండు, మీద బరువు వేస్తే కింద నుంచి తగులుతుంది.

కాబట్టి మీరు కొట్టే భంగిమలోనే నోటు పెట్టి చూడండి. బల్ల మీద పరీక్ష ప్లాస్టిక్ స్టాకుకి చాలదు.

పని మాత్రం లైసెన్సున్న దుకాణంలోనే చేయించండి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ రిపేరుకి కూడా లైసెన్సు అడుగుతుంది. నేను పక్కన కూర్చుని చూశాను. గుండ్రటి కర్రకి ఉప్పు కాగితం చుట్టి, గాడి పొడవునా రెండు పక్కలా సమంగా గీకాడు దుకాణం మిస్త్రీ. పది సార్లు గీకడం, బిగించి చూడడం, మళ్లీ విప్పడం. మా ఊరు కొమ్ము పనికి పేరు కదా, ఆ పనివాళ్లకి తెలుసు, గీకేసింది మళ్లీ అతకదని.

గీకినంత మాత్రాన వంగడం ఆగదు. రిబ్బుల మధ్య అల్యూమినియం కడ్డీ పెట్టి ఎపాక్సీ పోయించాం. ఈ ప్లాస్టిక్‌కి జిగురు సరిగ్గా పట్టదు, అందుకే ముందు గరుకు చేసి చిన్న చిన్న రంధ్రాలు వేశాడు.

ఒక్క మాట. కొన్ని రైఫిళ్లలో గాడి కొసన చిన్న దిమ్మ కంపెనీవాళ్లే కావాలని పెడతారు, సన్నటి బారెల్ వణుకుని అణచడానికి. దాన్ని గీకేస్తే గురి చెడిపోనూవచ్చు. గీకకముందే, ముందు దిమ్మకీ బారెల్‌కీ మధ్య అట్టముక్క పెట్టి ఒత్తిడి పెంచి, తర్వాత రిసీవర్ కింద పెట్టి బారెల్‌ని దిమ్మ నుంచి పైకి లేపి, ఒకే పెట్టెలోని తూటాలతో ఐదేసి గుండ్ల గ్రూపులు నాలుగైదు కొట్టి పోల్చుకోండి.

నాకు ఎడమ జారుడు పోయింది. గ్రూపు, అంటే గుండ్లు పడ్డ మేర, మాత్రం కొద్దిగానే చిన్నదైంది, అది నిజం. ఇప్పుడు స్లింగ్ బిగిస్తున్నాను. తమ్ముడూ, నోటు దూర్చు… ఇంకా… ఇంకా… రిసీవర్ దాకా వెళ్లింది, చూశారా?