అన్నకు చికిత్స, బీరువాలో తుపాకి: నల్లగొండ ఫోన్-ఇన్

యాంకర్: దేవరకొండ నుంచి కాలర్ ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే సార్. మా పెద్దన్న ముచ్చట. నాన్న పోయినంక డబుల్ బ్యారెల్ తుపాకి లైసెన్స్ అన్న పేరు మీదికి వచ్చింది. బత్తాయి తోట ఉంది మాకు, పోయినేడు కాయ మొత్తం రాలిపోయి... సరే అదట్లుంచండి, అన్నకు నిద్ర పట్టదు, ఎవరో చంపడానికి వస్తున్నరంటడు. ఆఖరికి మేజిస్ట్రేట్ ఆర్డర్ మీద ఎర్రగడ్డ మానసిక దవాఖానకు తీసుకపోయిన్రు. ఇప్పుడు ఇంటికొచ్చిండు, గోలీలు వేసుకుంటున్నడు, మంచిగనే ఉన్నడు. తుపాకి ఇంట్ల ఉండొచ్చా అని.

అడ్వకేట్: ఎక్కడుంది అది?

కాలర్: బీరువాల సార్. తాళం వదిన కాడ ఉంది.

అడ్వకేట్: అన్న గట్టిగా అడిగితే వదిన ఇవ్వదా? ఇస్తుంది. ముందు అది ఇంట్లోంచి పోవాలి. చట్టం సంగతి చెప్తా. మేజిస్ట్రేట్ పంపింది పరీక్ష కోసం, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం 10 రోజులకు మించదు. జబ్బు ఉందన్నంత మాత్రాన మతి స్థిమితం లేనివాడని కాదు, ఆ మాట కోర్టే తేల్చాలి. కానీ 1959 ఆయుధాల చట్టం 17వ సెక్షన్ ఇంకా వెడల్పు. ఏ కారణంతోనైనా ఈయన లైసెన్స్‌కు తగడు అనిపిస్తే కలెక్టర్ ఆపొచ్చు, రద్దు చేయొచ్చు. స్టేషన్‌లో డిపాజిట్ చేయించండి, రశీదు తీసుకోండి.

కాలర్: మరి నేనే రాత్రి కార్ల పెట్టుకుని మా బావ ఇంట్ల పెడితే? ఊర్ల తెల్వకుండ...

అడ్వకేట్: ఇంతసేపు ఏం చెప్పానయ్యా! మీకు లైసెన్స్ లేదు, దారిలో ఆపితే కేసు మీ మీదవుతుంది, తర్వాత బావ మీద. మీరు ముట్టుకోవద్దు. ఎస్సైకి చెప్పండి, వాళ్లే వచ్చి తీసుకుంటారు. తూటాలతో సహా. రశీదు మరవొద్దు.

కాలర్: అన్న ఒప్పుకోడు సార్, నాన్న గుర్తు అంటడు.

అడ్వకేట్: (కాసేపాగి) అర్థమైంది. ఎక్కడికీ పోదని చెప్పండి, స్టేషన్‌లో భద్రంగా ఉంటుందనండి. అయినా వినకపోతే వదినతో కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టించండి. రాత్రి భయమేస్తే 14416కు చేయండి, టెలీ మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం.

యాంకర్: థ్యాంక్యూ అన్నా. మిర్యాలగూడ నుంచి అమ్మా, చెప్పండి.

కాలర్: మా మరిది కొడుకు అమెరికాలో ఉన్నాడండీ. కోర్టు చెప్పి ఆసుపత్రిలో చేర్పించారు. తుపాకి కొంటానంటున్నాడు.

అడ్వకేట్: కుదరదమ్మా. కోర్టు బలవంతంగా చేర్పించినవాళ్లు తుపాకి ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం 1968 నుంచీ అంటోంది. తనంతట తాను చేరితే వేరే సంగతి. స్టూడెంట్ వీసానా?

కాలర్: అవునండీ.

అడ్వకేట్: అయితే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప వీసాతోనే ఆగిపోతుంది. తుపాకి మాట పక్కన పెట్టి ఆ పిల్లాడితో రోజూ మాట్లాడండి.

యాంకర్: వనపర్తి నుంచి... హలో? కట్ అయింది. దేవరకొండ అన్న మళ్లీ లైన్‌లోకి వచ్చారు.

కాలర్: సార్, ఆ రశీదు ఎవరి పేరు మీద తీసుకోవాలె?

అడ్వకేట్: అన్న పేరు మీదే. లైసెన్స్ ఆయనది కదా. నంబర్ సరిచూసుకుని తీసుకోండి.