వారం సరుకుల సంచికి చిల్లు ఎక్కడ పడుతోంది?

నమస్కారం. మీకు ఇప్పుడు కనిపిస్తున్నది మా ఫ్రిజ్ అడుగున ఉండే కూరగాయల అర. ఈ రోజు శనివారం, రాత్రి తొమ్మిదయింది. రేపు ఉదయం రైతుబజారుకు వెళ్లాలి కాబట్టి అరలో ఉన్నదంతా తీసి వంటగట్టు మీద పరిచాను. గోంగూర సగం కట్ట నల్లబడి అడుగుకు అంటుకుపోయింది. సొరకాయ ముక్క కోసిన వైపు ఎండి గట్టిపడింది. నాలుగు బెండకాయలు ముదిరిపోయాయి, కొత్తిమీర అయితే నీరు కారుతోంది. పారేయవలసినవన్నీ తూకం మీద పెడితే 620 గ్రాములు వచ్చాయి. పోయిన ఆదివారం వీటన్నింటినీ చవకగా కొన్నానని సంతోషపడుతూ ఇంటికి వచ్చినదానిని నేనే.

మేము ఐదుగురం ఉంటాం. మా ఇద్దరితో పాటు ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. పాలు, కూరగాయలు, పళ్లు, గుడ్లు, ఆదివారం మాంసం కలిపి వారానికి 2,500 రూపాయలు దాటకూడదని రెండేళ్ల క్రితం నిర్ణయించుకున్నాను. మొదటి ఆరు నెలల్లో ఒక్క వారం కూడా ఆ గీత లోపల ఉండలేకపోయాను. ధరలు పెరిగాయి కాబట్టి ఇలా అవుతోందని అనుకునేదానిని, కానీ పద్దు పుస్తకం ముందు వేసుకుని కూర్చుంటే అసలు కారణం వేరే కనిపించింది. నెలకు కొనవలసినవి, ఏడాదికి కొనవలసినవి, వారానికి కొనవలసినవి అన్నీ ఒకే లెక్కలో కలిపేశాను. ఒక వారం నూనె అయిపోతుంది, మరో వారం కందిపప్పు, ఇంకో వారం బియ్యం బస్తా. అలాంటప్పుడు ఏ వారం లెక్క నిలుస్తుంది?

మా అమ్మ వాళ్ల ఇంట్లో ఈ గందరగోళం ఉండేది కాదు. చింతపండు, ఎండుమిర్చి, పసుపు కొమ్ములు వేసవికి ముందే ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి డబ్బాలకు ఎత్తేవారు. జీతం వచ్చిన వారంలో వెచ్చాలు వచ్చేవి. సంతకు పట్టుకెళ్లే డబ్బు కూరగాయలకు మాత్రమే. నేను చేసిందల్లా ఆ పద్ధతికి తిరిగి రావడమే. బియ్యం, పప్పులు, నూనె, చక్కెర, సబ్బులు ఇప్పుడు నెల పద్దులో ఉన్నాయి, వాటి జోలికి వారం డబ్బు పోదు. తెలంగాణలో రేషన్ కార్డు ఉన్నవారికి 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా అందుతున్నాయి కాబట్టి, ఆ ఇళ్లలో నెల పద్దు కూడా బాగా తేలికవుతుంది.

నెల సరుకుల గురించి రెండు మాటలు చెప్పి మళ్లీ వారానికి వస్తాను. బియ్యం బస్తా మీద 26 కిలోలు అని ఎందుకు ఉంటుందో చాలా మందికి తెలియదు. 2022 జులై 18 నుంచి, 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది, ఆ గీత దాటడానికి మిల్లులు ఒక కిలో ఎక్కువ పోసి కుట్టడం మొదలుపెట్టాయి. రెండు దుకాణాల ధరలు పోల్చేటప్పుడు ఒకటి 25 కిలోల బస్తా, మరొకటి 26 కిలోల బస్తా అయితే ఆ ఒక్క కిలో లెక్కను తారుమారు చేస్తుంది. రెండోది నూనె. నా చేతిలో రెండు పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లు ఉన్నాయి, దూరం నుంచి చూస్తే ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. ఒకదాని ధర 155, మరొకటి 149. ఎవరైనా 149 రూపాయలదే తీసుకుంటారు. దగ్గరగా చూడండి: మొదటిదానిలో 910 గ్రాములు, అంటే సుమారు ఒక లీటరు ఉంది, రెండోదానిలో 850 గ్రాములే ఉంది. కిలో లెక్కన మొదటిది 170 రూపాయలు, రెండోది 175. ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధరకు దగ్గరలోనే గ్రాముకు ఎంతో చిన్న అక్షరాలలో ముద్రించి ఉంటుంది. నేను ఇప్పుడు ఆ అంకెనే ముందు చదువుతాను, పెద్ద అంకెను తర్వాత చూస్తాను.

ఇక వారం పద్దు. పాలు రోజుకు లీటరున్నర, వారానికి 650. కూరగాయలు, ఆకుకూరలు 700. పళ్లు 300, ఒక అట్ట గుడ్లు 200, చికెన్ లేదా చేపలు 350. మిగిలిన 300 రూపాయలు ఎందుకో కాసేపట్లో చెబుతాను. శ్రావణంలో, కార్తికంలో మా ఇంట్లో మాంసం వండం కాబట్టి ఆ 350 కూరగాయలలో కలుస్తుంది. కార్తికంలో ఆ వెసులుబాటు అవసరం కూడా, ఎందుకంటే ఊరంతా కూరగాయల మీదే పడుతుంది.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి, నేను వాటికి చాలా రుణపడి ఉన్నాను. లోపలికి వెళ్లేముందు ధరల బోర్డు దగ్గర రెండు నిమిషాలు నిలబడి చదవడం నా అలవాటు. కానీ నా 620 గ్రాములు అక్కడే పుట్టాయని ఒప్పుకోవాలి. బయట పావుకిలో కొనేవాళ్లం అక్కడ ధర చూసి కిలో తీసుకుంటాం, కట్ట చాలినచోట మూడు కట్టలు వేయించుకుంటాం. అందుకే ఇప్పుడు చిట్టీ మీద కూరగాయ పేరుతో పాటు తూకం కూడా రాసుకుని వెళుతున్నాను. సోమవారం ఇది, మంగళవారం అది అని ఏడు రోజుల వంటల పట్టిక కూడా వేసి చూశాను, కానీ బుధవారం చుట్టాలు వచ్చేసరికి అది మూలన పడింది. దాని బదులు త్వరగా పాడయ్యేవాటిని ముందు వండడం ఒక్కటే నియమంగా పెట్టుకున్నాను. ఆదివారం, సోమవారం ఆకుకూరలు, ఆ తర్వాత బెండ, బీర, వంకాయ, గురువారం నుంచి దోసకాయ, కంద, గుమ్మడి. పప్పులోకి దోసకాయ ఉంటే శనివారం వరకు భయం లేదు. గోంగూర తెచ్చిన రోజే ఒలవాలని మా అత్తగారు ఎప్పుడూ అంటారు, ఈ వారం నేను ఆ మాట వినలేదు, ఫలితం గట్టు మీద ఉంది.

ధర నిజంగా మండిపోయిన వారం సంగతి వేరు. 2023 జులైలో టమాటా కిలో 100 దాటిపోయి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించవలసి వచ్చింది. అప్పుడు నేను పావుకిలో చొప్పున కొంటూ అటు పప్పుకూ ఇటు పచ్చడికీ చాలక డబ్బు పోగొట్టుకున్నాను. అలాంటి కూరగాయను తగ్గించి కొనడం కన్నా ఆ వారానికి మానేయడమే మేలని నా అభిప్రాయం. మనకు కావలసినది పులుపే అయితే చుక్కకూర ఉంది, గోంగూర ఉంది, డబ్బాలో చింతపండు ఉండనే ఉంది.

ఇప్పుడు ఆ 300 రూపాయల సంగతి. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే ఒక యాప్‌లో నేను నాలుగు వారాల్లో 11 సార్లు ఆర్డర్ చేశానని, మొత్తం 2,310 రూపాయలు అయిందని పుస్తకంలో కూడికలు వేసినప్పుడు తెలిసింది. దాదాపు ఒక వారం ఇల్లు గడిచే డబ్బు అది. ప్రతిసారీ మొదలైంది 15 రూపాయల కొత్తిమీర కట్టతోనో, పిల్లవాడి బ్రెడ్డుతోనో. డెలివరీ రుసుము తప్పించుకోవడానికి 199 చేయాలని చిప్స్, పనీర్, చాక్లెట్ చేర్చుకుంటూ పోయాను. అందుకే ఇప్పుడు ఆదివారం ఉదయమే మూడు వంద నోట్లు పాత పోపుల డబ్బాలో పెడుతున్నాను. వారం మధ్యలో ఏది తక్కువైనా ఆ నోటు తీసుకుని వీధి చివర దుకాణానికి నడిచి వెళ్లవలసిందే. నడవాలి అనేసరికి సగం అవసరాలు వాటంతట అవే తగ్గిపోయాయి, మా అబ్బాయి కూడా బ్రెడ్డు లేకుండా ఉప్మా తింటున్నాడు.

ఈ వారం డబ్బా మూత తీస్తే 85 రూపాయలు మిగిలాయి. వాటిని చింతపండు కోసం వేరే కవరులో వేశాను. రేపటి చిట్టీలో గోంగూర ఒక్క కట్టే రాశాను, సొరకాయ అసలు రాయలేదు.