నేవీ డే మన ఘాజీ కోసం కాదు

మిత్రులారా, నమస్కారం.

నేవీ డే అనగానే మన విశాఖ వాళ్లకు గుర్తొచ్చేది ఆర్‌కే బీచ్‌లో విన్యాసాలు, ఘాజీ కథ. మన తీరంలోనే మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కదా, గుర్తు రావడం సహజమే. కానీ డిసెంబరు 4ను నేవీ డేగా జరుపుకునేది ఘాజీ కోసం కాదు. 1971లో ఆ రాత్రి పడమటి సముద్రంలో, కరాచీ మీద మన నౌకాదళం చేసిన దాడి కోసం. దాని పేరు ఆపరేషన్ ట్రైడెంట్.

పాకిస్తాన్‌తో యుద్ధం ముందు రోజు సాయంత్రమే మొదలైపోయింది. కాబట్టి కరాచీ వాళ్లేమీ ఆదమరచి లేరు. వాళ్లు ఊహించనిది ఒక్కటే, వచ్చిన పడవలు. నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న మిసైల్ బోట్లు. సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న ఈ బోట్లు తీరం కాపలాకు చేసినవి. ఎక్కువ దూరం పోలేవు. కానీ వాటి రాడార్ చూపు, క్షిపణుల దెబ్బ రెండూ గట్టివి. కాపలాకని చేసిన వాటిని దాడికి పంపడమే అసలు ఎత్తు. బబ్రూ భాన్ యాదవ్ వాటికి నాయకుడు. తోడుగా కిల్తాన్, కచ్ఛల్ అనే యుద్ధనౌకలు వెళ్లాయి. చీకట్లో సముద్రం మీద దాడి చేసే సత్తా పాకిస్తాన్ విమానాలకు లేదు, అందుకే రాత్రి వేళ ఎంచుకున్నారు. మనవాళ్లు శిక్షణ పొందింది రష్యాలో. రేడియోలోనూ రష్యన్‌లోనే మాట్లాడుకున్నారు!

నిర్ఘాత్ వదిలిన క్షిపణి ఖైబర్ అనే పాకిస్తాన్ డిస్ట్రాయర్ యుద్ధనౌకకు తగిలింది. ఖైబర్ వాళ్లు విమానం దాడి చేసిందనుకున్నారు, అదే కబురు పంపారు. తామున్న చోటు కూడా తప్పు చెప్పడంతో, నీళ్లలో పడ్డవాళ్లను వెతకడం ఆలస్యమైంది. రెండో క్షిపణితో ఓడ మునిగింది. సముద్రంలో మందుపాతరలు ఏరే మైన్‌స్వీపర్ ఓడ ముహాఫిజ్‌కు మునిగేలోపు కబురు పంపే వ్యవధి కూడా దక్కలేదు. వీనస్ చాలెంజర్ అనే సరుకు ఓడ కూడా మునిగింది. కరాచీ రేవులోని కెమారీలో చమురు ట్యాంకులు అంటుకున్నాయి. మన వైపు ఒక్క బోటూ పోలేదు.

నా ఉద్దేశంలో మునిగిన ఓడల కన్నా పెద్ద నష్టం ఆ తర్వాత పట్టుకున్న భయం. పాకిస్తాన్ విమానాలు మిసైల్ బోటు అనుకుని తమ యుద్ధనౌక జుల్ఫికర్ మీదే కాల్పులు జరిపాయి. డిసెంబరు 8 రాత్రి మన మరో మిసైల్ బోటు వినాశ్ కరాచీ మీదకు వెళ్లి నాలుగు క్షిపణులు వదిలింది. కెమారీ మళ్లీ మండింది. ఆ తర్వాత కరాచీలో ఉన్న విదేశీ సరుకు ఓడలు క్షేమంగా బయటపడడానికి భారత్‌ అనుమతి అడగాల్సి వచ్చింది.