బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోందా? డిస్కులు మార్చే ముందు ఇది చూడండి

[దృశ్యం: కారు లోపల. స్పీడోమీటర్ ముల్లు 100 దగ్గర. స్టీరింగ్ మీద రెండు చేతులు.]

100 మీద వెళ్తున్నాం. స్టీరింగ్ నిలకడగానే ఉంది. ఇప్పుడు మెల్లగా బ్రేక్ తొక్కుతున్నా. నా చేతులు చూడండి.

[స్టీరింగ్ అటూ ఇటూ అదురుతుంది. ముల్లు 60కి దిగేసరికి అదురు ఆగిపోతుంది.]

చూశారుగా. 60కి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు మామూలైపోయింది. 40లో ఎంత గట్టిగా తొక్కినా ఏమీ తెలియదు. అందుకే షెడ్డుకి తీసుకెళ్తే, మెకానిక్ వీధి చివరిదాకా తోలి వచ్చి "ఏం లేదు సార్, బాగానే ఉంది" అంటాడు. లేదంటే బండి కదపకుండానే "డిస్కులు బెండయ్యాయి, మార్చెయ్యాలి" అంటాడు. ఆ రెండో మాట గురించే ఈ వీడియో.

ముందు ఒకటి తేల్చుకోండి. బ్రేక్ మీద కాలు పెట్టినప్పుడే వణుకుతోందా, పెట్టకపోయినా వణుకుతోందా? 80 నుంచి 110 మధ్యలో ఊరికే వెళ్తున్నా వణుకుతుంటే అది బ్రేకు జబ్బు కాదు. వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి, టైరు ఎక్కడైనా ఉబ్బిందేమో చూడండి. ఇంకొకటి, తడి రోడ్డు మీద సడన్‌గా తొక్కినప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటే అది ఏబీఎస్, అంటే చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు, తన పని తాను చేసుకోవడం. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

బ్రేక్ తొక్కితేనే వణుకుతోంది అనుకుందాం. స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందు చక్రాలు. స్టీరింగ్ బాగానే ఉండి సీటు, ఫ్లోర్ అదురుతుంటే వెనక వైపు అనుమానించాలి. వెనక డ్రమ్ బ్రేకులున్నా డ్రమ్ము గుండ్రం తప్పితే ఇదే తంతు. వెనకో కాదో తేలడానికి స్పీడులో హ్యాండ్‌బ్రేక్ లాగి చూడమని కొందరు చెబుతారు. నేను చెప్పను. వెనక చక్రాలు పట్టేస్తే బండి గిర్రున తిరుగుతుంది. పైగా వెనక డిస్కులున్న కొన్ని కార్లలో హ్యాండ్‌బ్రేకుకి లోపల వేరే షూలు ఉంటాయి, డిస్కు సంగతి అది చెప్పనే చెప్పదు.

[దృశ్యం: కాగితం మీద చక్రం బొమ్మ.]

మరి స్పీడులోనే ఎందుకు? మామూలు కారు చక్రం ఒక్క చుట్టుకి సుమారు 2 మీటర్లు వెళ్తుంది. 100 స్పీడంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు, అంటే 14 చుట్లు. చుట్టుకొక కుదుపు చొప్పున సెకనుకి 14 కుదుపులు. స్టీరింగ్, సస్పెన్షన్ సహజంగా ఊగే వేగం కూడా చాలా కార్లలో ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఉయ్యాలని సరిగ్గా దాని ఊపుకి కలిసేలా తోస్తే ఎలా పైకి లేస్తుందో, ఇదీ అంతే. 40లో అదే కుదుపు ఉంటుంది కానీ ఊపు కలవదు.

ఆ కుదుపు ఎక్కడిదంటే, చక్రంతో పాటు తిరిగే డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోవడం. ఎంత తేడా ఉంటే చేతికి తెలుస్తుందో ఊహించండి. 0.02 మిల్లీమీటర్లు చాలు. తల వెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు! బ్రేక్ తొక్కితే డిస్కుని రెండు వైపులా నొక్కేవి ప్యాడ్లు. మందంగా ఉన్నచోట అవి గట్టిగా పడతాయి, పలచగా ఉన్నచోట వదులవుతాయి. పెడల్ కూడా కాలిని తన్నినట్టు ఉంటుంది.

[దృశ్యం: మైక్రోమీటర్ క్లోజప్. డిస్కు మీద సుద్దముక్కతో 8 గుర్తులు.]

ఈ కారు డిస్కు కొలుద్దాం. ఎనిమిది చోట్ల కొలవాలి, మైక్రోమీటరుతోనే. వెర్నియర్ పెడితే డిస్కు అంచున మిగిలిన గట్టు అడ్డొస్తుంది. ఎక్కువ ఉన్నచోట 21.36, తక్కువ ఉన్నచోట 21.33. తేడా 0.03. ఇదిగో, దొంగ దొరికాడు.

ఆగండి, దొరకలేదు. ఈ తేడా ఎలా వచ్చింది?

చాలామంది వేడికి వంగిపోయిందంటారు. నేను చూసినంతలో అలా వంగడం అరుదు. ఇది చూడండి.

[దృశ్యం: డిస్కు తీసేసిన హబ్. ముఖం మీద తుప్పు పెచ్చులు. వేలితో గీకితే రాలుతున్నాయి.]

డిస్కు ఆనుకునే చోటు ఇది. ఈ పెచ్చు మీద డిస్కు కూర్చుంటే కాస్త వాలుగా కూర్చుంటుంది. తిరిగేటప్పుడు పక్కకి ఊగుతుంది. బ్రేక్ తొక్కకపోయినా ప్రతి చుట్టుకీ ఒకేచోట ప్యాడ్‌ని రాసుకుంటూ పోతుంది. వేల కిలోమీటర్లు అలా రాసుకుంటే అక్కడ అరగదా మరి? నా పాత కారుకి ఇదే జరిగింది. కొత్త డిస్కులు వేయించా, వెన్నలా ఆగేది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అదే వణుకు. డిస్కులు నాసిరకం అని తిట్టుకున్నా. పాపం డిస్కులు. వేసేటప్పుడు ఎవరూ హబ్ తోమలేదు.

[దృశ్యం: డయల్ గేజ్ బిగించి ఉంది. డిస్కు నెమ్మదిగా తిరుగుతోంది.]

తోమకముందు తీసిన షాట్ ఇది. డిస్కుని నట్లతో గట్టిగా బిగించి, అంచుకి సుమారు 10 మిల్లీమీటర్లు లోపల గేజ్ ముల్లు ఆనించాం. అంతకంటే ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాం. బేరింగ్ వదులైతే ఈ లెక్కంతా వృథా. ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు. 11 గీతలు ఊగింది. చాలా కార్లకి 0.05 దాటకూడదంటారు, మీ కారుకి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. వైర్ బ్రష్‌తో హబ్ తోమి మళ్ళీ బిగిస్తే, ఇదిగో, 3 గీతలు.

తోమినా తగ్గకపోతే ఒక చిట్కా ఉంది. ఎక్కువ ఊగిన చోట సుద్దతో గుర్తుపెట్టి, డిస్కుని ఒక బోల్టు పక్కకి జరిపి బిగించండి. ఊగే చోటు డిస్కుతో పాటు జరిగితే తప్పు డిస్కుది. జరక్కుండా అక్కడే ఉంటే హబ్‌ది.

ఇంకో కారణమూ ఉంది. మంచి స్పీడులోంచి గట్టిగా తొక్కి, ఆగాక కూడా పెడల్ మీద కాలు తీయకుండా ఉంటారు కొందరు. కాలిపోతున్న ప్యాడ్ ఉన్నచోటే అతుక్కుని, డిస్కు మీద తన పదార్థాన్ని మచ్చలా వదులుతుంది. అలాగే ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ ఉంటుంది, దాని పిన్నులు చేత్తో జరుగుతున్నాయో లేదో చూడండి. బిగుసుకుంటే ప్యాడ్ వెనక్కి రాదు. సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్ చిరిగితే అదురు పుట్టదు గానీ, ఉన్న అదురు రెండింతలైనట్టు ఉంటుంది.

రిపేరు సంగతి. డిస్కు మీద కనీస మందం అచ్చేసి ఉంటుంది. దీనిమీద 20 అని ఉంది. లేత్ మిషన్ మీద పైపైన చెక్కించి సమం చేయించాక 21.1 మిగిలింది, కాబట్టి ఇంకా వాడొచ్చు. ప్యాడ్లు కొత్తవి వేశాం. నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే బిగించాలి. గాలి గన్‌తో డబడబా బిగిస్తే డిస్కు మళ్ళీ వాలుతుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పదిసార్లు మోస్తరుగా తొక్కాలి. ప్యాడ్లు డిస్కుకి సర్దుకుంటాయి.

[దృశ్యం: మళ్ళీ కారు లోపల. ముల్లు 100 దగ్గర.]

అదే రోడ్డు, అదే స్పీడు. చేతులు వదులుగా పెట్టా. తొక్కుతున్నా... 90... 80... 60.

[స్టీరింగ్ కదలదు.]

డిస్కులు పాతవే.