దగ్గర దారి తవ్వితే మిగిలిన లంక

అందరికీ నమస్కారం.

"థాయిలాండ్ వెళ్ళొచ్చారటగా, ఓ సాయంత్రం వచ్చి మాట్లాడండి" అని మన గ్రంథాలయం వాళ్ళు అడిగితే మొదట తప్పించుకుందామనే చూశాను. థాయిలాండ్ అనగానే మనవాళ్ళు అదోరకంగా నవ్వుతారు. ఇప్పుడూ వెనక వరసలో ఇద్దరు నవ్వారు, చూశాను. పరవాలేదు. నేను కాలవల శాఖలో ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయినవాణ్ణి. ఏ ఊరు పోయినా ముందు గట్టు చూస్తాను, గుడి తర్వాత. అందుకని ఇవాళ మీకు చెప్పేది ఒక నది గురించి, ఆ నది పక్కన పెట్టేసిన ఒక లంక గురించి.

మా అమ్మాయీ అల్లుడూ బ్యాంకాక్‌లో ఉంటారు. పోయినసారి ఏప్రిల్‌లో వెళ్ళాను. వారం రోజులు పెద్ద పెద్ద మాల్స్ తిప్పారు. ఎస్కలేటర్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు పట్టేశాయి. "బాబూ, ఈ ఊళ్ళో నది ఉందన్నారు, అదెక్కడ?" అని అడిగాను. అల్లుడు నవ్వి, "నొంతబురి వెళ్దాం మావయ్య గారూ, మెట్రోలో ఏసీలో కూర్చుని పోవచ్చు" అన్నాడు. నిజమే, 2016లో పర్పుల్ లైన్ వచ్చాక ఆ జిల్లా బ్యాంకాక్‌కి గుమ్మంలోకి వచ్చేసింది. నేను మాత్రం పడవలోనే వెళ్తానని పట్టుబట్టాను.

నొంతబురి అంటే బ్యాంకాక్‌కి ఉత్తరాన ఆనుకుని ఉన్న ప్రావిన్స్. ఎక్కడ ఊరు అయిపోయిందో, ఎక్కడ ఆ జిల్లా మొదలయిందో రోడ్డు మీద పోతే తెలీదు. పేరు మనదే. సంస్కృతంలో నంద, పురి. థాయి నోట్లో పడి నొంతబురి అయింది. 1549లో దానికి పట్టణం హోదా వచ్చింది. అంతకుముందు దాని పేరు బాన్ తలాత్ ఖ్వాన్.

చావ్ ఫ్రాయా నది మీద నారింజ రంగు జెండా కట్టిన పడవ ఉంటుంది. మన సిటీ బస్సు లాంటిదే, రేవు రేవుకీ ఆగుతుంది. టికెట్లిచ్చే ఆవిడ చేతిలో పొడుగాటి రేకు గొట్టం ఉంటుంది. చిల్లరా టికెట్లూ అందులోనే. దాన్ని టకటకలాడించుకుంటూ జనం మధ్యలోంచి వస్తుంది. ఆ చప్పుడు వింటే చాలు, అందరి చేతులూ జేబుల్లోకి పోతాయి. పడవ వెనక ఒక కుర్రాడు నిలబడి ఈల వేస్తుంటాడు. రేవు దగ్గరికొచ్చాక ముందున్న డ్రైవరుకి వెనక భాగం కనబడదు కదా, ఈ ఈలలే స్టీరింగు. పొడుగు ఈల, పొట్టి ఈల, రెండు పొట్టి ఈలలు. పడవ గోడకి ఆనిందో లేదో మోకు విసిరేస్తాడు, జనం దూకేస్తారు, మోకు లాగేస్తాడు. అర నిమిషం పట్టదు. పంటు మీద స్కూటరు ఎక్కించడానికి మనం పడే హైరానా గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఈ ప్రసంగం ఒప్పుకున్నదే దీనికోసం. ఆ పడవలోంచి కుడివైపు రాజభవనం, ఎడమవైపు అరుణ దేవాలయం కనిపిస్తాయి. ఆ రెంటి మధ్యా పారుతున్నది అసలు నది కాదు. 1542లో అప్పటి రాజధాని అయుత్తయ నుంచి ఏలిన రాజులు తవ్వించిన కాలవ. పాత నది పడమరగా పెద్ద వంపు తిరిగి వచ్చేది. సముద్రం మీంచి అయుత్తయకి వచ్చే ఓడలకి ఆ వంపుల్లో రోజులు గడిచిపోయేవి. అందుకని వంపు మెడ దగ్గర అడ్డంగా తవ్వేశారు. కాలవ వెడల్పయి నదైపోయింది. నది సన్నబడి కాలవైపోయింది. ఇప్పుడు ఆ పాత నదిని బ్యాంకాక్ నోయి కాలవ, బ్యాంకాక్ యై కాలవ అంటున్నారు.

ఇదెలా జరుగుతుందో మన ఒడ్డు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, పిల్లలు కూడా వచ్చారు కాబట్టి చెప్తాను. ఉదాహరణకి ఆరు కిలోమీటర్ల వంపులో నీళ్ళు ఒక అడుగు దిగుతాయనుకోండి. అడ్డంగా రెండు కిలోమీటర్లు తవ్వితే ఆ అడుగు రెండు కిలోమీటర్లలోనే దిగాలి. వాలు మూడింతలయింది. నీళ్ళు ఉరుకుతాయి, అడుగు కోస్తాయి, గట్లు కోస్తాయి. మీరు పది బారలు తవ్వితే నది వంద బారలు చేసుకుంటుంది. పాత వంపులో నీళ్ళు నెమ్మదించి ఒండ్రు దిగుతుంది, మేట వేస్తుంది. మనిషి గీత గీస్తాడు, మిగతా పని నీళ్ళు చూసుకుంటాయి.

నొంతబురిలోనూ ఇదే కథ. 1636లో ప్రాసాద్ థోంగ్ అనే రాజు అక్కడ మరో దగ్గర దారి తవ్వించాడు. అది కాస్తా అసలు నదైపోయింది. ముప్పై ఏళ్ళు తిరక్కుండానే 1665లో నారాయ్ మహారాజుకి అనుమానమొచ్చింది: మన ఓడలకి దగ్గరయిన దారి శత్రువు ఓడలకి మాత్రం దూరమవుతుందా? వెంటనే అక్కడ కోట కట్టించి, ఊరినే దాని దగ్గరికి మార్పించాడు. ఇంజినీరు దూరం కొలుస్తాడు. ఆ దారిన ఎవరెవరు వస్తారో లెక్కకట్టడం వాడి ఎస్టిమేట్‌లో ఉండదు. నా ఎస్టిమేట్లలోనూ ఉండేది కాదు, ఒప్పుకుంటున్నాను.

గంట పైనే పట్టింది నొంతబురి రేవుకి. రేవు ముందు గడియారం స్తంభం, పక్కన చెక్కతో కట్టిన పాత ప్రభుత్వ భవనం, ఇప్పుడది మ్యూజియం. అటు పక్కనే బాంగ్ క్వాంగ్ అనే పెద్ద జైలు కూడా ఉంది. అక్కణ్ణుంచి టాక్సీలో పాక్ క్రెట్ వెళ్ళి, గుడి రేవులో చిన్న పడవ ఎక్కి అవతలికి దాటాం. అదే కో క్రెట్. 'కో' అంటే ద్వీపం అని పుస్తకాల్లో రాస్తారు. నాకైతే అది అచ్చంగా మన లంక. అరటి, కొబ్బరి, బురద వాసన, రేవులో అంట్లు తోముకునే ఆడవాళ్ళు. మోటారు కారన్నది లేదు. నేల తడిగా ఉంటుందని కాంక్రీటుతో ఎత్తుగా, మనిషి వెడల్పున దారి వేశారు. వెనక నుంచి సైకిలు బెల్లు మోగితే పక్కకి ఒత్తిగిల్లాలి. ఒత్తిగిల్లితే బోదెలో పడతాం.

ఆ లంక పుట్టిన సంవత్సరం కూడా ఉంది: 1722. తై సా అనే రాజు నది వంపుకి అడ్డంగా కాలవ తవ్వించాడు. అప్పటిదాకా అది ముక్కులా పొడుచుకొచ్చిన నేల. కాలవ పడ్డాక చుట్టూ నీళ్ళే అయ్యాయి. మన లంకలు గోదారమ్మ వేసినవి. ఇది పారలతో చేసిన లంక, నాలుగు చదరపు కిలోమీటర్లకి కాస్త పైన.

అక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది మోన్ జనం. బర్మాలో వాళ్ళ రాజ్యం పెగూ, ఇప్పటి బాగో. 1757లో అది కూలిపోయాక విడతలు విడతలుగా ఇటు వచ్చేశారు. తాక్సిన్ రాజు కాలంలో కొందరు, 1815లో రెండవ రాముడి కాలంలో ఇంకొందరు. అక్కడి రాజులకి రాముడన్నది బిరుదు. రాజులు వాళ్ళకి నది ఒడ్డున చోటిచ్చారు. ఇక్కడ మన సంగతి ఒకటుంది. బర్మావాళ్ళు మోన్‌లని 'తలైంగ్' అనేవారు. ఆ మాట తెలింగాణ నుంచి వచ్చిందని కొందరు చరిత్రకారులు రాశారు, కాదని మరికొందరు కొట్టిపారేశారు. ఇది చదివి మనవాళ్ళు రొమ్ము విరుచుకుంటారు. మోన్ జనానికి మాత్రం ఆ మాట తిట్టుతో సమానం. అక్కడికెళ్ళి "మీరూ మేమూ ఒకటే, మీరు తలైంగులు" అనకండి దయచేసి. చుట్టరికం కావాలంటే అక్షరాల్లో వెతుక్కోండి. గుడిలో మోన్ లిపి చూశాను. దక్షిణ భారత లిపుల్లోంచి పుట్టిన లిపి అది. గుండ్రంగా, మన అక్షరాలకి దూరపు మేనత్త కూతుళ్ళలా ఉన్నాయి. చదవబోతే ఒక్కటీ లొంగలేదు.

గుడి పేరు వాట్ పోరమైయికావాత్. నోరు తిరగడం లేదు కదా? విడగొట్టండి: పరమ, అయ్యికా, ఆవాసం. పాళీలో అయ్యికా అంటే అవ్వ. అయిదో రాముడు, అంటే చులాలోంగ్‌కోర్న్ రాజు, అవ్వ వరసయ్యే ఒక పెద్దావిడ పేరున దాన్ని బాగు చేయించాడు. నది మూల మీద ఆ గుడి తెల్ల స్తూపం ఉంది, నీళ్ళవైపు ఒరిగి. గట్టు కోత వల్ల ఒరిగింది. జనమంతా దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. నేను గట్టు దిగి పునాది చూస్తుంటే మా అమ్మాయి "నాన్నా, నువ్వు రిటైరయ్యావు" అని అరిచింది.

నొంతబురి ప్రావిన్స్ ముద్ర మీద ఉండేది మట్టి కుండ. ఆ కుండలు చేసేది ఈ మోన్ కుమ్మరులే. మేం వెళ్ళింది మంగళవారం. శని, ఆదివారాలయితే కాలు పెట్టే సందుండదట. మంగళవారం సగం కొట్లు మూసున్నాయి, అదే మంచిదయింది. ఒక పాకలో అరవై ఏళ్ళాయన ఒక్కడే సారె ముందు కూర్చున్నాడు. సారె తిరుగుతుంటే ముద్ద మధ్యలో బొటనవేళ్ళు దించి, అలా పైకి లాగాడు. మట్టి మెడ సాగింది, అంతే, కూజా. పక్కన ఆరీ ఆరని కూజాల మీద ఒకావిడ సన్న మొనతో తీగలూ పువ్వులూ చెక్కుతోంది. తోలులా బిగిసినప్పుడే చెక్కాలి. ఇంకా తడుంటే మొన దిగబడిపోతుంది, పూర్తిగా ఆరితే పెచ్చు లేచిపోతుంది. మెరుగు పూత పూయరు. ఆవంలోంచి ఎర్రగా వచ్చిందాన్ని అలాగే అమ్ముతారు. భాష రాక నేను నేలకేసి చూపించి, "ఈ మన్నేనా?" అన్నట్టు సైగ చేశాను. ఆయన నవ్వి, చేత్తో దూరం చూపించాడు. బయట నుంచి వస్తుందనుకుంటాను.

భోజనానికి ఖావ్ చే పెట్టించుకున్నాం. మోన్ వంటే. అక్కడ సోంగ్‌క్రాన్ అంటే మన సంక్రాంతి మాటే, కాకపోతే సూర్యుడు మేషంలోకి వచ్చే ఏప్రిల్‌లో చేస్తారు. ఆ ఎండల్లో తినేది ఇది: మల్లెపూలు వేసి ఉంచిన చల్లటి నీళ్ళలో అన్నం, పక్కన వేయించిన రొయ్య ముద్ద ఉండలు, తీపి ఉప్పు ముల్లంగి. చద్దన్నంలో పులుపు తీసేసి అత్తరు చల్లినట్టుంది. మా ఆవిడ ఉల్లిపాయ అడిగింది. లేదన్నారు.

ఇక దురియాన్ పండు. వాసన గురించి వినే ఉంటారు, పనసని పదింతలు చేసుకోండి. నొంతబురి దురియాన్‌కి దేశంలో పెద్ద పేరు. 'కాన్ యావ్', అంటే పొడుగు తొడిమ అనే రకం మరీను. 2019లో ఆ ప్రావిన్స్‌లో జరిగిన దురియాన్ ఉత్సవంలో ఒక్క కాయ 15 లక్షల బాత్‌లకి వేలం పోయింది. మన డబ్బుల్లో 30 లక్షలు దాటిన మాట. వేలంపాట ధర అనుకోండి, అయినా మామూలు రోజుల్లో కూడా ఒక్కో కాయ వేలల్లో ఉంటుంది. ఎందుకంత? తోటలు తక్కువైపోయాయి. కొన్ని అపార్టుమెంట్ల కింద పోయాయి. చాలా మటుకు 2011 వరదలో పోయాయి. అక్కడి తోటలు మన కోనసీమలోలాగే, ఎత్తు గట్ల మీద చెట్లు, మధ్యలో బోదెలు. దురియాన్ వేరు నీళ్ళలో నానితే బతకదు. ఆ ఏడు బ్యాంకాక్ నడిబొడ్డుని కాపాడాలని ఇసుక బస్తాలు పేర్చి నీళ్ళని బయటే నిలబెట్టారు. బయట అంటే ఉత్తరాన, పడమరన ఉన్న ఇలాంటి జిల్లాలే. నడుం లోతు నీళ్ళలో వారాల తరబడి ఉన్న జనం కొన్నిచోట్ల వెళ్ళి ఆ బస్తాలు పీకేశారు కూడా. మళ్ళీ నాటిన చెట్టు కాపుకి రావాలంటే అయిదారేళ్ళు. నేను గట్టు మీద డ్యూటీ చేసినవాణ్ణి. పై ఊరికి గట్టు వేస్తే కింది ఊళ్ళో ఏం తిడతారో చెవులారా విన్నాను. ఆ బస్తాలు పేర్చినవాణ్ణి తప్పు పట్టలేను, పీకినవాణ్ణీ పట్టలేను.

వెళ్ళదలుచుకుంటే పడవలోనే వెళ్ళండి. శని, ఆదివారాలు వద్దు. చిల్లర దగ్గరుంచుకోండి. ఎండలో టోపీ పెట్టుకోండి, నేను పెట్టుకోలేదు, మెడ మాడింది.

ఆ ముసలాయన దగ్గర కొన్న కూజా ఇదిగో, బల్ల మీద పెట్టాను. మూత విమానంలో పగిలింది, చిన్న ముక్కలు తువ్వాల్లో ఉన్నాయి. పొద్దున్నే నీళ్ళు పోసి ఉంచాను, అడుగున కాయితం తడిసింది చూడండి. పిల్లలు ముందుకి రండి. ఒక్కొక్కళ్ళూ చెయ్యి పెట్టి చూడండి, నెమ్మదిగా.