మీటింగుకు ముందు సాయంత్రం

(కొత్తగా ఎన్నికైన మహిళా సర్పంచులు, వార్డు సభ్యుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

1995లో నేను మా ఊరి సర్పంచ్‌నయ్యాను. 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి అప్పటికి రెండేళ్లు. మూడో వంతు పదవులు ఆడవాళ్లకన్నారు గనుక మా ఊరు నా వంతుకొచ్చింది. మొదటి సమావేశానికి వెళ్లేసరికి నా కుర్చీలో మా ఆయన స్నేహితుడు కూర్చుని ఉన్నాడు. లేవమని అడగడానికి నోరు రాలేదు. గోడవారగా బల్ల మీద కూర్చున్నాను. కాలనీకి మంచినీళ్ల పైపు వేయాలని నేను పెట్టిన ప్రతిపాదన ఐదు నిమిషాల్లో వీగిపోయింది. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ వాదించలేదు. "చూద్దాంలేమ్మా" అన్నారంతే.

ఆ రాత్రి ఏడ్చాను. తెల్లారాక మాత్రం నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. వీళ్లు నీళ్లు వద్దనుకునేవాళ్లు కాదు కదా, మరెందుకు వద్దన్నారు?

అది తెలుసుకోవడానికి ఒక్కో సభ్యుడి ఇంటికీ వెళ్లాను. ఆరో వార్డు సభ్యుడి ఇంట్లో మజ్జిగ తాగుతూ గంటసేపు కూర్చుంటే అసలు విషయం బయటపడింది. పైపు కోసం కాలువ తవ్వితే ఆయన వాకిట్లో తండ్రి కట్టించిన రాతి అరుగు పోతుంది. సభలో ఆ మాట చెప్పుకోవడానికి ఆయనకు మొహమాటం. "వీధికి అవతలి పక్క తవ్విస్తే?" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. "ఆ మాట మీరే సభలో చెప్పండన్నా" అని లేచి వచ్చేశాను. తర్వాతి నెల ప్రతిపాదన ఆయనే పెట్టాడు, తీర్మానం పాసయింది. ఊరంతా అది ఆయన గొప్పే అనుకుంది. నాకేమీ తగ్గలేదు. కాలనీలో కొళాయి తిప్పితే నీళ్లొచ్చాయి, ఆ తర్వాత ఐదేళ్లూ ఆయన నా మాటకు అడ్డు చెప్పలేదు.

పలుకుబడి గురించి నేను నేర్చుకున్నదంతా ఆ అరుగు మీదే నేర్చుకున్నాను. సభలో గెలిచేది సభలో కాదమ్మా, ముందు రోజు సాయంత్రం. ఎదుటి మనిషి "వద్దు" వెనుక ఏముందో వినే ఓపిక మనకుండాలి. అలా వెళ్లినప్పుడు మన పని గురించి మొదట మాట్లాడకండి. వాళ్ల పొలం, పిల్లలు, వాళ్ల వార్డులో వెలగని దీపం గురించి అడగండి, చెప్పింది గుర్తుంచుకోండి. ఒక్క హెచ్చరిక: ఈ ఇంట్లో ఒక మాట, ఆ ఇంట్లో ఇంకో మాట చెప్పారంటే మూడో రోజుకల్లా చెరువు గట్టు మీద రెండు మాటలూ కలుస్తాయి. అలా పోయిన నమ్మకం మీ పదవీకాలంలో తిరిగి రాదు.

పెద్ద ఉద్యమం చేసినవాళ్లు కూడా ఈ దారిలోనే నడిచారు. నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుందా? 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు రాత్రి పూట అక్షరాలు నేర్చుకోవడానికి ఒకచోట కూర్చునేవాళ్లు. ఎవరి ఇంట్లో వాళ్లు మోస్తున్న బాధ అక్కడ కలబోసుకున్నారు. తాగొచ్చిన మొగుడితో ఇంట్లో తగువు ఒంటరి పోరాటం. సారా దుకాణం మాత్రం ఒక్కటే, దాని ముందు అందరూ కలిసి నిలబడవచ్చు. దుకాణం మూయించారు. ఆ కథ అక్షరాస్యత పుస్తకంలో పాఠమై పక్క ఊళ్లకు పాకింది. ఆపైన వాళ్ల చూపు సారా అమ్ముకునే హక్కు కోసం సర్కారు పెట్టే వేలంపాటల మీద పడింది. దుకాణాలకు ప్రాణం అక్కడే ఉంది, సర్కారు ఆదాయమూ అక్కడే ఉంది. పాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమంలో ముందున్న రోసమ్మకు ఏ పదవీ లేదు. ఏ తలుపు తడితే ఎవరు కదులుతారో ఆమెకూ ఆమెతో నడిచిన ఆడవాళ్లకూ తెలుసు. మీ ఊళ్లో ఆ వేలంపాట ఎక్కడుందో వెతకండి. కొన్ని పనులకు తాళంచెవి మండలాఫీసులో ఉంటుంది, కొన్నింటికి రచ్చబండ దగ్గర రోజూ పేపరు చదివే పెద్దాయన దగ్గర ఉంటుంది.

ఇక "కుదరదు" అని చెప్పడం. మనకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర ఒక పద్నాలుగేళ్ల పిల్ల వాలంటీరుగా నిలబడింది. టికెట్టు లేదని నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కోప్పడితే, టికెట్టు లేనివాళ్లను పంపవద్దని మీరే చెప్పారు కదా అంది. టికెట్టు తెచ్చాకే ఆయన్ను లోపలికి పోనిచ్చింది. ఆ పిల్లే దుర్గాబాయి. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆమె గొంతు పెంచలేదు, ఎవరినీ అవమానించలేదు. అందరికీ ఉన్న నియమాన్ని చూపించింది. మీరూ అంతే. బిల్లు మీద సంతకం పెట్టమని బావగారే తెచ్చినా, "పని చూసి, పుస్తకంలో రాశాక పెడతాను బావగారూ" అనండి. మొదటిసారి ఇల్లు అలుగుతుంది. మూడోసారికి మిమ్మల్ని అడిగే పద్ధతే మారుతుంది.

మినిట్స్ పుస్తకం సంగతి కూడా చెప్పాలి. తీర్మానం ఏమని రాశారో పైకి చదివించుకుని సంతకం చేయండి. కింద ఖాళీ వదిలిన పేజీ మీద చేయకండి.

నా కుర్చీ ఏమైందని అడుగుతారేమో. రెండో సమావేశానికి అరగంట ముందే వెళ్లి కూర్చున్నాను. ఆ స్నేహితుడు వచ్చి గుమ్మంలో ఆగాడు. "రండన్నా, కూర్చోండి" అని పక్కనున్న బల్ల చూపించాను.

భోజనాలయ్యాక మీకందరికీ కాగితాలిస్తాను. మీ పంచాయతీ సభ్యుల పేర్లు ఒక వరుసలో రాయండి. ఎదురుగా, ఆ మనిషికి నిజంగా ఏం కావాలో, దేనికి భయపడుతున్నారో రాయండి. తెలియకపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఊరికి తిరిగి వెళ్లాక మొదట వెళ్లాల్సింది ఆ ఖాళీ గడి ఉన్న ఇంటికి.