నడుముకి తుపాకీ ఉంది. కాల్చే హక్కు ఎప్పుడు వస్తుంది? టెక్సస్ చట్టం ఏమంటోంది?

[తెరపై: గ్యాస్ స్టేషన్ లోపల. ఒక కుర్రాడు రెండు బీరు పెట్టెలు చంకలో పెట్టుకుని తలుపు తోసుకుని బయటికి పరిగెడతాడు.]

మధ్యాహ్నం మూడు గంటలు. కౌంటర్ వెనక మీరున్నారు. చొక్కా కింద పిస్టల్ ఉంది. ఒకడు డబ్బు కట్టకుండా బీరు పెట్టెలు ఎత్తుకుపోతున్నాడు. కాల్చొచ్చా?

కూడదు. అది దొంగతనం. మీ ప్రాణానికి వచ్చిన ముప్పేమీ లేదు.

[తెరపై: అదే కౌంటర్. ఈసారి వాడి చేతిలో కత్తి.]

ఇప్పుడు అదే మనిషి కౌంటర్ మీదికి వంగి, "డ్రాయర్ తెరువు, లేకపోతే పొడుస్తా" అన్నాడు. ఇది దొంగతనం కాదు, రాబరీ. దొంగతనం చేస్తూ ఎదుటివాడికి దెబ్బ తగిలించినా, ఇప్పుడే కొడతానని భయపెట్టినా టెక్సస్ చట్టంలో రాబరీ అవుతుంది. ఇక్కడ ప్రాణాంతక బలం వాడే హక్కు మీకు రావచ్చు. రావచ్చు అంటున్నాం, వచ్చేసింది అనడం లేదు. ఎందుకో చూద్దాం.

ఈ వీడియోలో చెప్పేదంతా టెక్సస్ చట్టం. డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్, హ్యూస్టన్ వైపు మన తెలుగువాళ్లు బాగా ఎక్కువ. 2021 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ 21 ఏళ్లు నిండినవాళ్లు, చట్టం నిషేధించనివాళ్లు, లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ దాచుకుని తిరగవచ్చు. ఆ మాట సగం విని తుపాకీ కొనడానికి బయల్దేరేవాళ్ల కోసం ముందుగా ఒక హెచ్చరిక.

[తెరపై: పాస్‌పోర్ట్, వీసా స్టాంప్.]

మీరు హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4, ఎల్-1 లాంటి వీసా మీద ఉంటే, తుపాకీ గానీ తూటాలు గానీ మీ దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం. 15 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. పైగా తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మనవాళ్లు ఎక్కువగా చెప్పుకునేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. దాని మీద ఆధారపడే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాల్సిందే. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ అడ్డు తొలగిపోతుంది.

ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డ్, మరొకరికి వీసా ఉన్నప్పుడు చిక్కు ఇంకోలా వస్తుంది. తుపాకీ భర్త పేరున ఉన్నా, అల్మరా తాళం భార్య చేతిలో ఉంటే, అది ఆమె అధీనంలోనూ ఉన్నట్టు ప్రాసిక్యూటర్ వాదించవచ్చు. తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి.

[తెరపై: మూడు మాటలు ఒకదాని కింద ఒకటి: సామర్థ్యం, అవకాశం, ఉద్దేశం.]

ఇక అసలు సూత్రం. టెక్సస్ పీనల్ కోడ్ 9వ అధ్యాయంలో 9.31 సెక్షన్ మామూలు బలం గురించి, 9.32 ప్రాణాంతక బలం గురించి. ఎదుటివాడు అన్యాయంగా మీ మీద ప్రాణాంతక బలం వాడుతున్నాడనో, వాడబోతున్నాడనో, దాన్ని ఆపడానికి కాల్చడం ఆ క్షణాన తప్పనిసరి అని కూడా మీరు నమ్మాలి. ఆ నమ్మకం సబబైనదిగా ఉండాలి. అంటే మీ స్థానంలో మామూలు బుద్ధి ఉన్న ఇంకో మనిషి ఉన్నా అలాగే అనుకునేవాడని జ్యూరీకి అనిపించాలి. హత్య, కిడ్నాప్‌లో తీవ్రమైన రకం, లైంగిక దాడి, రాబరీ జరగబోతున్నప్పుడు ఆపడం కూడా ఇందులోకే వస్తుంది. వీటికీ "ఆ క్షణాన తప్పనిసరి" అనే షరతు వర్తిస్తుంది. అందుకే ఇందాక "రావచ్చు" అన్నాం.

శిక్షణ ఇచ్చేవాళ్లు దీన్ని మూడు ప్రశ్నలుగా చెబుతారు. చంపగల లేదా తీవ్రంగా గాయపరచగల సామర్థ్యం వాడికి ఉందా? ఇప్పుడే, ఈ దూరం నుంచి ఆ పని చేసే అవకాశం ఉందా? చేస్తాడని చేతలతోనో మాటలతోనో చూపించాడా? మూడూ ఒకేసారి ఉండాలి. పార్కింగ్ లాట్ ఆ చివర నిలబడి కత్తి ఊపుతూ తిట్టేవాడికి సామర్థ్యం ఉంది, అవకాశం లేదు. మీ పక్కనే కూర్చుని కత్తితో యాపిల్ కోసుకునేవాడికి మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు.

అయితే కత్తి విషయంలో దూరాన్ని తక్కువగా లెక్కేసుకుంటారు. 1980ల మొదట్లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడొకరు పరీక్షించి చూస్తే, 21 అడుగుల దూరంలో ఉన్న మనిషి సుమారు ఒకటిన్నర సెకన్లో మీద పడుతున్నాడు. ఒరలోంచి తుపాకీ తీసి ఒక్కసారి కాల్చడానికి పట్టే సమయం కూడా దాదాపు అంతే. చొక్కా కింద దాచినది తీయాలంటే ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఇది చట్టం గీసిన గీత కాదు. "21 అడుగుల లోపల ఉన్నాడు, కాల్చేశాను" అంటే చెల్లదు. ఆ దూరంలో ముప్పు ఎందుకు నిజమో జ్యూరీకి వివరించడానికి పనికొస్తుంది, అంతవరకే.

చేతిలో ఆయుధం లేకపోయినా ముప్పు ఉండవచ్చు. నలుగురు కలిసి ఒకరిని కింద పడేసి తలమీద తన్నుతుంటే అది ప్రాణాంతకమే. కానీ ఒక్క తోపుకి, ఒక్క చెంపదెబ్బకి జవాబు తూటా కాదు. తిట్టుకి అసలే కాదు. మాటలతో రెచ్చగొట్టినంత మాత్రాన బలం వాడరాదని 9.31లోనే స్పష్టంగా రాసి ఉంది.

[తెరపై: ఇంటి ముందు తలుపు, బయటి నుంచి ఎవరో బద్దలు కొడుతున్నట్టు.]

టెక్సస్‌లో 2007 సెప్టెంబర్ 1 నుంచి మీకు రెండు రక్షణలు ఉన్నాయి. ఎవరైనా చట్టవిరుద్ధంగా, బలవంతంగా మీరున్న ఇంట్లోకో, కారులోకో, పనిచేసే చోటికో చొరబడుతుంటే, మీ భయం సబబైనదేనని చట్టం ముందుగానే అనుకుంటుంది. రెండోది, మీరు ఉండే హక్కున్న చోట ఉన్నప్పుడు వెనక్కి తగ్గాల్సిన బాధ్యత లేదు. తెరిచి ఉన్న దుకాణంలోకి మామూలుగా నడిచి వచ్చినవాడు "బలవంతంగా చొరబడినవాడు" కాడని మాత్రం కౌంటర్‌లో ఉండేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఈ రెండు రక్షణలూ పోయే దారులు ఉన్నాయి. గొడవ మీరే రెచ్చగొడితే పోతాయి. ఆ సమయంలో మీరే ఏదైనా నేరంలో ఉంటే పోతాయి. చిన్న ట్రాఫిక్ ఉల్లంఘనలకు మాత్రం మినహాయింపు. చేతిలో తుపాకీ ఉండటమే నేరమైన వీసా మనిషికి ఇది ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి. కాల్చడం న్యాయమేనని తేలినా, తుపాకీ కేసు విడిగా నడుస్తుంది.

హైవే మీద ఎవడో కట్ కొట్టాడని సిగ్నల్ దగ్గర కారు దిగి వెళ్లి, మాటామాటా పెరిగాక కాలిస్తే, రెచ్చగొట్టింది మీరేనని ప్రాసిక్యూటర్ అంటాడు. కారు దిగకండి. అద్దాలు ఎక్కించి, డోర్లు లాక్ చేసి, దారి ఉంటే ముందుకు వెళ్లిపోయి 911కి ఫోన్ చేయండి.

[తెరపై: సీసీటీవీ తరహా నలుపు తెలుపు బొమ్మ, మూలలో సెకన్లు నడుస్తూ.]

హక్కు వచ్చిన క్షణం ఎంత ముఖ్యమో, అది పోయే క్షణం అంతకన్నా ముఖ్యం. జైలుకెళ్లిన చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు.

2018 జూలైలో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో, వికలాంగుల పార్కింగ్ చోటు గురించి ఒకతను కారులో కూర్చున్న మహిళతో వాదనకు దిగాడు. ఆమె తోడు ఉన్న వ్యక్తి దుకాణంలోంచి వచ్చి అతన్ని కింద పడేలా తోశాడు. పడ్డవాడి దగ్గర లైసెన్స్ ఉన్న తుపాకీ ఉంది. తీశాడు. అది చూసి తోసినవాడు వెనక్కి తగ్గాడు. అప్పుడు కాల్చాడు. వెనక్కి తగ్గాల్సిన బాధ్యత లేదనే చట్టం ఫ్లోరిడాలోనూ ఉంది, మొదట అరెస్టు కూడా చేయలేదు. కానీ అవతలి మనిషి వెనక్కి వేసిన అడుగులు వీడియోలో ఉన్నాయి. 2019లో జ్యూరీ దోషిగా తేల్చింది, 20 ఏళ్ల శిక్ష పడింది.

2009లో ఓక్లహోమా సిటీలో మందుల దుకాణం మీదికి ఇద్దరు దోపిడీకి వచ్చారు. ఫార్మసిస్ట్ ఒకడిని తలమీద కాల్చాడు. ఆ తూటా మీద కేసే లేదు. రెండోవాణ్ని బయటిదాకా తరిమి, తిరిగొచ్చి, డ్రాయర్‌లోంచి ఇంకో తుపాకీ తీసి, నేలమీద స్పృహ లేకుండా పడి ఉన్న ఆ కుర్రాణ్ని మరో ఐదుసార్లు కాల్చాడు. 2011లో హత్యా నేరం రుజువై యావజ్జీవం పడింది. దోపిడీకి వచ్చినవాడే అయినా, ముప్పు ఆగిపోయాక కాల్చిన ప్రతి తూటా హత్యే.

కాబట్టి కాల్చే ఉద్దేశం "ఆపడం" కావాలి, "చంపడం" కాదు. వాడు పడిపోయినా, ఆయుధం వదిలేసినా, వీపు తిప్పి పారిపోతున్నా, మీ వేలు ట్రిగ్గర్ మీంచి రావాలి.

ఆస్తి సంగతి కూడా చెప్పాలి. టెక్సస్ 9.42 సెక్షన్ కొన్ని షరతుల మీద, ఆస్తిని కాపాడుకోవడానికి కూడా ప్రాణాంతక బలాన్ని అనుమతిస్తుంది. అందులో రాత్రి పూట దొంగతనం ఉంది. ఆ సెక్షన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాం. ఆస్తిని ఇంకే దారిలోనూ కాపాడలేనని, లేదా తక్కువ బలం వాడితే మీకే ప్రాణాపాయమని మీరు సబబుగా నమ్మినట్టు తేలాలి. బీరు పెట్టెలకి, లాప్‌టాప్‌కి, కారుకి ఇన్సూరెన్స్ ఉంటుంది.

[తెరపై: చొక్కా అంచు పైకి లేపుతున్న చెయ్యి.]

"కాల్చను, చూపించి భయపెడతాను" అనేది ఇంకో పొరపాటు. బలం వాడే హక్కు నిజంగా ఉన్నప్పుడు, అవసరమైతే కాలుస్తానని తెలియజెప్పడానికే తుపాకీ బయటికి తీస్తే, 9.04 ప్రకారం అది ప్రాణాంతక బలం కింద లెక్కకు రాదు. ఆ హక్కు లేనప్పుడు గురిపెట్టి బెదిరిస్తే 2 నుంచి 20 ఏళ్ల శిక్షపడే నేరం కావచ్చు. గాల్లోకి హెచ్చరిక కాల్పులు అసలు వద్దు. తూటా ఎక్కడో ఒకచోట దిగుతుంది. అజాగ్రత్తగా కాల్చి దారిన పోయేవాణ్ని గాయపరిస్తే, ఆ గాయం విషయంలో ఆత్మరక్షణ వాదన పనికిరాదు.

ఇతరుల్ని కాపాడటానికి 9.33 ఉంది. కానీ రోడ్డు మీద ఇద్దరు కొట్టుకుంటుంటే ఎవరు మొదలుపెట్టారో మీకు తెలియదు, ఒకరు మఫ్టీలో ఉన్న పోలీసు కూడా కావచ్చు. 911కి చెప్పి, దూరం నుంచి సాక్షిగా ఉండటం మేలు.

న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ఇంటి బయట పూర్తి క్షేమంగా తప్పుకునే దారి ఉంటే తప్పుకోవాలి. టెక్సస్ లైసెన్స్ అక్కడ చెల్లదు కూడా.

[తెరపై: ఫోన్‌లో 911.]

కాల్చాక. ముప్పు పోయిందని తేలాక తుపాకీ ఒరలో పెట్టండి. 911కి మొదట మీరే ఫోన్ చేసి, చోటు చెప్పండి, నా మీద దాడి జరిగింది, అంబులెన్స్, పోలీసు కావాలి అనండి. మీరు వేసుకున్న బట్టల రంగు చెప్పండి, వచ్చే పోలీసులకు మీరెవరో తెలియాలి. వాళ్లు వచ్చేసరికి చేతులు ఖాళీగా, కనబడేలా ఉంచండి.

దాడి చేసినవాడెవడో, కత్తి ఎక్కడ పడిందో, సాక్షులు ఎవరో చూపించండి. అక్కడ ఆగండి. ఒంట్లో వణుకు ఉన్నప్పుడు ఎన్ని అడుగులు, ఎన్ని సెకన్లు అనే లెక్కలు తప్పుతాయి, ఆ తప్పే తర్వాత అబద్ధంగా కనిపిస్తుంది. ఊరికే నోరు మూసుకుంటే చాలదు. 2013లో సాలినాస్ వర్సెస్ టెక్సస్ కేసులో, అరెస్టుకి ముందు హక్కు పేరెత్తకుండా మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని మీకు వ్యతిరేకంగా వాడవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. "మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నాను, నాకు లాయర్ కావాలి" అని పైకే చెప్పండి, ఇంగ్లిష్‌లో.

సీసీటీవీ రికార్డింగ్ ముట్టుకోకండి. దుకాణం ఓనర్ అడిగినా చెరపకండి. సాక్ష్యం చెరపడం విడిగా ఒక తీవ్రమైన నేరం. చాలా సిస్టమ్‌లు కొన్నాళ్లకు పాతవాటి మీదే కొత్తవి రాసేస్తాయి కాబట్టి, ఆ రోజే లాయర్ చేత కాపీ భద్రపరచమని రాతపూర్వకంగా అడిగించండి.